విల్డాకు ఆర్డిత్ చెప్పని సంగతి

మా బక్‌మన్ కోవ్‌లో విల్డా హర్టిల్‌ను ఎరగనివాళ్ళు లేరు. ఒకప్పుడు చేపల ఫ్యాక్టరీలో స్కాలప్ చిప్పలు విప్పి కండ తీసే పనిలో ఆమెను మించిన చెయ్యి ఈ తీరంలో లేదు. పక్క బల్ల దగ్గర ఆర్డిత్ మోషర్ నిలబడేది. ఫ్యాక్టరీ మూతపడేదాకా ఇద్దరూ పక్కపక్కనే నిలబడి చల్లనీళ్ళలో చేతులు మొద్దుబారేలా పనిచేశారు. పెళ్ళిళ్ళూ పురుళ్ళూ ఒకరివి ఒకరు చూసుకున్నారు.

విల్డా భర్త ఓరిన్ గుండె ఆగి చనిపోయిన చలికాలం, ఆమె ఇంట్లోంచి బయటికి రావడం మానేసింది. ఒకరోజు ఆర్డిత్ తలుపైనా తట్టకుండా లోపలికొచ్చి కోటు గుండీలు విప్పింది. లోపలినుంచి ఎర్రటి కుక్కపిల్ల తల బయటపెట్టింది.

"నాకొద్దే ఇది," అంది విల్డా.

"నీకు కావాలా అని నేనడగలేదుగా. పొద్దున్నే నడకకి తీసుకెళ్ళకపోతే నీ సోఫా కొరికి పారేస్తుంది. అదీ సంగతి."

దానికి టాన్సీ అని పేరు పెట్టింది విల్డా. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్ళూ, టాన్సీ, ఆర్డిత్ ముసలి కుక్క బోసన్, అందరూ కలిసి ఆర్డిత్ ఇంటి వెనక పచ్చికబయలు మీదుగా సముద్రం దాకా వెళ్ళివచ్చేవారు. నడుమెత్తు గడ్డి, ఫెర్న్ పొదలు, చివర్లో పాత ఆపిల్ చెట్లు. టాన్సీ గడ్డిలో దూరితే తోక ఒక్కటే కనిపించేది. వచ్చాక ఆర్డిత్ వంటింట్లో టీ, ముందురోజు మిగిలిన బ్లూబెర్రీ గ్రంట్ అనే తీపి వంటకం.

ఆ ఆపిల్ తోటలోనే ఆర్డిత్ కొడుకు గార్నెట్ రెండు కాటేజీలు కట్టాడు. చేపల పడవ అమ్మేశాక అతనికి అదే బతుకుతెరువు. వేసవిలో హాలిఫాక్స్ నుంచి, ఇంకా దూరాలనుంచి జనం కుక్కల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చి దిగేవారు. వరండాలో కూర్చుంటే జింకలు కనబడాలని ఆర్డిత్ రాలిన ఆపిల్స్ ఏరి గడ్డిలో కుప్పపోసేది. జింకలు వచ్చేవి. ఇళ్ళ గోడల దాకా వచ్చేవి.

ఒక వేసవి మధ్యలో ఆర్డిత్ నడకకు రావడం మానేసింది.

"మోకాలు పట్టేసిందే. నువ్వెళ్ళిరా, నేను టీ పెట్టి ఉంచుతాను," అంది.

విల్డా నమ్మింది. ఆ వయసులో మోకాలు పట్టెయ్యడం వింతేం కాదు. బోసన్ కూడా ఇంటి ముందు కంకర దాటి రావడం లేదు. దాని మెడకు బూడిదరంగు పట్టీ ఒకటి కొత్తగా కనిపించింది. ఏమిటే అది అంటే, ఈగల గోలకి అంది ఆర్డిత్. విల్డా, టాన్సీ ఎప్పట్లాగే గడ్డిలోకి వెళ్ళారు. ఆర్డిత్ వంటింటి కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపేది. ఆ ఏడాది గడిచింది. మళ్ళీ వసంతం వచ్చింది.

లూపిన్ పూలు రోడ్డు పక్క ఊదాగా విరిసే రోజుల్లో టాన్సీ కుంటడం మొదలుపెట్టింది. మొదట ముందు కాలు, అది తగ్గాక వెనక కాలు. ఒళ్ళు కాలింది, రెండుపూటలు తిండి మానేసింది, మళ్ళీ మామూలైంది. విల్డాకూ ఒంట్లో బాగోలేదు. మెడ పట్టేసి, కీళ్ళు సలిపి, మధ్యాహ్నానికే మంచం ఎక్కాలనిపించేది.

"పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనా?" అని ఆర్డిత్‌ను అడిగింది.

"కుంటిన ప్రతిసారీ డాక్టరు దగ్గరికి పరిగెడతావా? దానికీ వయసొస్తోంది, మనకీ వస్తోంది. రెండ్రోజులు ఊరుకో."

తనకోసం మాత్రం విల్డా క్లినిక్‌కు వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ అన్నీ విని, "పిడుదులేమైనా కరిచాయా?" అంది.

"నేను చూళ్ళేదమ్మా."

"కొన్ని గసగసాల గింజంతే ఉంటాయి, కనబడవు. వాటివల్ల లైమ్ అని ఒక జబ్బు వస్తుంది. మీ వైపు ఇప్పటిదాకా వినలేదు. మీ చుట్టుపక్కల ఎవరికైనా వచ్చిందేమో కనుక్కుని చెప్తారా? అలా ఉంటే వెంటనే పరీక్ష చేయిస్తాను."

విల్డా తిన్నగా ఆర్డిత్ ఇంటికే వెళ్ళింది. ఊళ్ళో ఎవరి సంగతైనా ఆర్డిత్‌కు తెలియకుండా ఉండదు.

ఆర్డిత్ పిండి కలుపుతోంది. తల ఎత్తలేదు. "లైమా? అది సరిహద్దు అవతల అమెరికా వాళ్ళ జబ్బు కదే. మన దగ్గరెక్కడిది. ఈ చదువుకున్న పిల్లలు ఇంటర్నెట్‌లో చూసి ఏదో ఒకటి అంటగడతారు."

విల్డా క్లినిక్‌కు ఫోన్ చేసి, మా వైపు ఎవరికీ లేదట అని చెప్పింది. నొప్పి మాత్రలు వాడుతూ చూద్దామన్నారు.

ఆగస్టులో టాన్సీ నీళ్ళు అదేపనిగా తాగడం మొదలుపెట్టింది. తాగినదంతా కక్కేది. కాళ్ళు వాచాయి. ఈసారి విల్డా ఎవర్నీ అడగకుండా కారెక్కించుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను రక్తం తీసి పరీక్ష చేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"లైమే విల్డా గారూ. ఎక్కువ కుక్కలకి కుంటుతో పోతుంది, మందులకి లొంగుతుంది. కొన్నిటికి కిడ్నీల్లోకి దిగుతుంది. దీనికి దిగింది."

"మందుంది కదా బాబూ?"

"కుంటినప్పుడే తెచ్చి ఉంటే కనీసం ప్రయత్నించే వీలుండేది. ఇప్పుడు..." అని ఆగి ఆమె ముఖంలోకి చూశాడు. "మీ మూతి ఎడమపక్క ఎప్పట్నించి ఇలా జారింది?"

విల్డా చెయ్యి పెట్టి తడుముకుంది. పొద్దున్న కాఫీ తాగుతుంటే పెదవి చివరినుంచి కారింది. ఒలికిందేమో అనుకుంది.

"ఇవాళే ఆసుపత్రికి వెళ్ళాలి మీరు. టాన్సీకి వచ్చిందే మీకూ వచ్చుంటుంది. దానినుంచి మీకు అంటుకోలేదు. ఇద్దర్నీ ఒకే గడ్డిలో, జింకల ఒంటిమీద వచ్చిన పిడుదులు కరిచుంటాయి."

ముందు టాన్సీ సంగతి చూడమంది విల్డా. దాని తల ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుంది. బాధ లేకుండా పోవడానికి అతను సూది వేశాడు, అది కళ్ళు మూసింది. ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ గుండె కొట్టుకోవడంలో కూడా తేడా ఉందని పడుకోబెట్టి నరానికి మందు ఎక్కించారు.

టాన్సీని ఆమె ఇంటి వెనక స్ప్రూస్ చెట్ల దగ్గర గార్నెట్ పూడ్చాడు. ఆసుపత్రినుంచి వచ్చిన రోజు ఆర్డిత్ ఆమెను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళింది. ఇద్దరూ ఏడ్చారు. ఆర్డిత్ ఎక్కువ ఏడ్చింది. నెలంతా చౌడర్ సూప్ కాచి గిన్నెలో పోసి తెచ్చింది, మాత్రలు వేళకు వేయించింది. ఇలాంటి స్నేహితురాలు ఉండటం నా అదృష్టం అని విల్డా నాతోనే అంది.

అక్టోబరులో చర్చి హాల్లో బీన్స్ భోజనాలు జరిగాయి. ఊరంతా వచ్చారు. విల్డా మూతి చాలావరకు సర్దుకుంది. వడ్డన ముగించి ఆప్రాన్‌తోనే భోజనానికి కూర్చుంది. ఎదురుగా ఆర్డిత్ కోడలు కోలీన్ కూర్చుంది. మంచి పిల్ల, నోట్లో మాట దాగదు.

"మీకెంత ఆలస్యమైపోయింది పిన్నీ తెలిసేసరికి," అంది కోలీన్, బ్రౌన్ బ్రెడ్ మీద వెన్న రాస్తూ. "మా అత్తయ్యకైతే మోకాలి వెనక ఎర్రగా చక్రంలా తేలేసరికి వెంటనే మాత్రలు ఇచ్చారు. మూడు వారాల్లో లేచి తిరిగేసింది."

"ఎప్పుడమ్మా అది?"

"పోయినేడాది. అంతకుముందేడు... కాదు, పోయినేడాదే, కాటేజీల్లో ఆ కవలపిల్లల వాళ్ళు దిగినప్పుడు. బోసన్‌కి పిడుదుల పట్టీ కూడా అప్పుడే..." విల్డా ముఖం చూసి కోలీన్ చేతిలో కత్తి పళ్ళెంలో పెట్టేసింది. "మీకు తెలుసనుకున్నాను పిన్నీ. మీకు తెలియకుండా ఎలా ఉంటుందనుకున్నాను."

విల్డా లేచి హాలు వెనక వంటగదిలోకి వెళ్ళింది. ఆర్డిత్ కేకు ముక్కలు కోస్తోంది. నేను గిన్నెలు కడుగుతున్నాను. నన్నెవరూ బయటికి పొమ్మనలేదు.

"నీ మోకాలికి ఏమైంది ఆర్డిత్, పోయినేడాది?"

ఆర్డిత్ కత్తి ఆగింది. విల్డా వెనక తలుపులో కోలీన్ నిలబడి ఉంది. ఆమెను చూశాక ఇక దాచి లాభం లేదనుకుంది కాబోలు.

"చెప్దామనే అనుకున్నానే."

"ఎప్పుడు?"

"కాటేజీలు అప్పుడప్పుడే నిండుతున్నాయి. పిడుదులున్నాయని ఒక్కమాట బయటికెళ్తే ఎవరొస్తారు? గార్నెట్ ఏమైపోతాడు? నాకు మాత్రలతో పోయింది. ఏదో ఒక్క పిడుదు, ఒక్కసారి, అంతే అనుకున్నాను."

"నువ్వు కంకర దాటలేదు. బోసన్‌ని దాటనివ్వలేదు. నేను దాన్ని తీసుకుని రోజూ ఆ గడ్డిలోకెళ్తుంటే కిటికీలోంచి చెయ్యి ఊపావు."

ఆర్డిత్ కత్తి పక్కన పెట్టింది.

"నేనొచ్చి అడిగాను. ఎవరికైనా వచ్చిందా అని నీ ఎదురుగా నిలబడి అడిగాను. నువ్వు పిండి కలుపుతున్నావు."

"అప్పుడు భయమేసింది. ముందే చెప్పలేదని తిడతావని."

"మరి టాన్సీ పోయాక?"

"అప్పుడింక ఎలా చెప్పను?" అంది ఆర్డిత్. ఏడుపు మొదలైంది. "చెప్తే నన్ను మళ్ళీ గుమ్మం తొక్కనివ్వవు."

విల్డా ఆప్రాన్ విప్పి, మడిచి, బల్లమీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమెను ఎక్కువ కుంగదీసింది ఊరు. చలికాలమంతా ఆమె కనబడ్డవాళ్ళకల్లా చెప్పింది: గడ్డిలోకి వెళ్తే ప్యాంటు మేజోళ్ళలో దోపుకోండి, కుక్క చెవుల వెనక, వేళ్ళ మధ్య వెతకండి, పిడుదు కనిపిస్తే పట్టకారుతో తల దగ్గర పట్టి తిన్నగా లాగండి అని. విన్నవాళ్ళలో కొందరు తలొంచుకున్నారు. కొట్టు నడిపే ఎల్డన్ కుక్కకు రెండేళ్ళ కిందటే వచ్చిందట. చర్చి పెద్ద ఒకాయనకు భుజం మీద చక్రం తేలిందట. వేసవి జనం రాకపోతే కొట్టు నడవదని ఒకరు, పుకారెందుకని ఒకరు నోరు మూసుకున్నారు. ఎల్డన్ అయితే ఆమె ముఖం మీదే, "నీ కుక్క ఎలాగూ పోయింది విల్డా, ఊరి పొట్ట కొట్టడం ఎందుకు," అన్నాడు. ఆ రోజునుంచి ఆమె రొట్టె కొనడానికి కూడా పక్క ఊరు వెళ్తోంది.

వసంతంలో ఆమె ఒక పలక మీద పెద్ద అక్షరాలతో రాసి కోవ్ రోడ్డు మలుపులో పాతింది. పిడుదులున్నాయి, మిమ్మల్నీ మీ కుక్కనీ చూసుకోండి అని. గార్నెట్ పీకేశాడు. మళ్ళీ పాతింది. మళ్ళీ పీకాడు. మూడోది పాతుతుంటే అతను ట్రక్కు ఆపి దిగి, పలక మీది అక్షరాలు చదివి, మళ్ళీ ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. అది అలాగే ఉంది.

ఆ వేసవి కాటేజీలకు జనం తగ్గిన మాట నిజం. పూర్తిగా మానలేదు. ఆర్డిత్ గడ్డి పొట్టిగా కోయించింది, జింకలకు ఆపిల్స్ వెయ్యడం మానేసింది, కాటేజీల తలుపుల వెనక తనే హెచ్చరిక అంటించింది. పోస్టాఫీసు దగ్గర విల్డాను ఆపింది.

"అంతా కోయించానే. పిడుదులు దాటకుండా దారిలో చెక్కపొట్టు కూడా పరిపించాను. ఒకసారి రారాదూ, టీ పెడతాను."

"బాగా చేశావు," అంది విల్డా. "వచ్చేవాళ్ళకి మంచిది." ఉత్తరాలు సంచిలో వేసుకుని నడిచింది.

ఆమె ఇప్పుడు మరో కుక్కను తెచ్చుకుంది. ఎవరో వదిలేసినది, సగం చెవి లేదు. నెలనెలా దానికి పిడుదుల మందు వేస్తుంది. ఇసుకలోనే నడిపిస్తుంది. ఎడమ మోకాలు ఇంకా వాస్తుంది, వాచినరోజు బల్లమీద కూర్చుని సముద్రం చూస్తుంది. నడక నుంచి వచ్చాక కుక్కను దువ్వి, తన ఒళ్ళు తను చూసుకుంటుంది. వీపుకూ మెడ వెనక్కూ మాత్రం అద్దం చాలదు. ఒంటరిమనిషి కదా.

ఆ పని కోలీన్ చేసిపెడుతోంది. శనివారాలు వస్తుంది. విల్డా బల్ల దగ్గర తల వంచి కూర్చుంటే జుట్టు పాయలు తీసి ఓపిగ్గా చూస్తుంది. మొన్న నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమీ లేవు పిన్నీ," అంది కోలీన్. జుట్టు సర్దుతూ, "ఇంటికెళ్తే అత్తయ్య అడుగుతుంది, మీరెలా ఉన్నారని. ప్రతి వారం అడుగుతుంది. ఏం చెప్పను?"

విల్డా చొక్కా కాలరు సరిచేసుకుంది.

"ఏం చెప్పకు. తనకి తెలిసినవి నాకు చెప్పకుండా ఉండగలిగిందిగా. నావి తెలియకుండా తనూ ఉండనీ."

విల్డా లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టి, ముగ్గురికీ కప్పులు తీసింది.