రోజూ ఎవరో ఒకరు ఓడాలె

పనిల చేరి వారం తిరగకముందే సామ్యూల్‌ను అంజన్ పహిల్వాన్ లేపి గచ్చు మీద వేసిండు.

వేసిండంటే ఏదో నూకిండనుకునేరు. కాదు. నడుం కింద చెయ్యి దూర్చి, భుజం మీదికి ఎత్తి, ఈపు మొత్తం నేలకు తాకేటట్టు ధన్‌మని వేసిండు. బకెట్ల వేన్నీళ్ళు ఒలికిపోయినయ్. సబ్బు బర్రెల కొట్టం దాకా జారింది. సామ్యూల్ దబీర్‌పురా పిల్లగాడు, ముసలోళ్ళను చూసుకునేటందుకు ఏజెన్సీ పంపిన మనిషి, మెత్తటోడు. స్నానం చేపిద్దామని "రా తాతా" అని మణికట్టు పట్టుకున్నడు, అంతే. భుజం కీలు తప్పి "ప్రభువా" అని వాడు మొత్తుకుంటుంటే, ముసలాయన వంగి, రెండో చెయ్యి పట్టి వాణ్ణి నిలబెట్టిండు. నిలబెట్టి వాని ఈపు దులిపిండు. దులిపి, ఏమీ కానట్టు పోయి నల్లా కింద కూసున్నడు.

"ఇదేం పిచ్చిర దేవుడా! కొట్టుడేంది, మల్ల దులుపుడేంది?" అని ఆయన భార్య కొమురమ్మ నెత్తి కొట్టుకున్నది. కొట్టంల పాలు పిండుతున్న కొడుకు మురళి ఇదంత చూసిండు. చూసి, తల కిందికేసి మల్ల పిండుకుంట కూసున్నడు.

కార్వాన్ బస్తీల కొమురమ్మ నోరంటే ఆటోలోళ్ళకు సైతం హడల్. పెండ్లై వచ్చిన కాన్నుంచి పాల క్యాను చంకనేసుకుని హుస్సేనీ ఆలం గల్లీలన్ని తిరిగిన మనిషి. ఓసారి ఓ హోటలాయన పాలల్ల నీళ్ళు కలిపినవని నలుగుట్ల అన్నడు. కొలిచే గిన్నెతోని వాని మూతి మీద ఒక్కటిచ్చింది. రక్తం కారుతుంటే, "చూసుకో భాయ్, ఇది గూడ నీళ్ళేనా?" అని అడిగి, పాల పైసలు తీసుకునే వచ్చింది. గంత మనిషి గూడ మొగని ముంగట మాత్రం నోరెత్తకపోయేది. భయం కాదు, మురిపెం. అంజన్ పహిల్వాన్ భార్యనని చెప్పుకుంటే గల్లీల దారి దొరికేది. ఆయనకు బాదాములు నూరింది, నెయ్యి కాచింది, చిట్లిన చెవికి పసుపు పెట్టింది. ఆయన కుస్తీ పట్టే తాలీంల మాత్రం ఒక్కనాడు కాలు పెట్టలేదు. ఆడామె అడుగు పెడితే మన్ను మైలపడుతదంట. లోపల ఏం జరుగుతదో ఆమెకు తెలువదు. ఎర్రమన్నుతోని నిండిన లంగోటీలు ఉతుకుడు మాత్రం తెలుసు.

మురళిని గూడ చిన్నప్పుడు ఆ తాలీంకు తోలింది ఆమెనే. ఓ నాగుల పంచమి నాడు మోచెయ్యి విరిగి, ముక్కుల రక్తంతోని ఇంటికొచ్చిండు. ఏమైందిర అంటే చెప్పలేదు. మల్ల ఆ దిక్కు పోలేదు. బాపుతోని మాట గూడ అక్కరకే మాట్లాడేటోడు.

ఇప్పుడా పహిల్వాన్‌కు మతి పోయింది. మెదడు ఎండుతున్నదని డాక్టర్ చెప్పిండు, మందులతోని కొంచెం ఆగుతది గానీ మర్లదన్నడు. ఒక బర్రె స్కానింగులకు, మందులకు పోయింది. సర్కారు కార్డు తీస్కపోయి చూపిస్తే, ఆపరేషన్లకు నడుస్తది గానీ ఇంట్ల మనిషిని పెట్టుకునేటందుకు నడవదన్నరు. ఇంకో బర్రె ఏజెన్సీ అడ్వాన్సుకు పోయింది. కొట్టం ఖాళీ అవుతున్నా కొమురమ్మ ఫికర్ చెయ్యలేదు. ఆయనొక్కడు ఇంట్ల ఉంటే చాలనుకున్నది.

రెండోసారి ఏజెన్సీ పంపినోడు సామ్యూల్ అసుంటోడు కాదు. మెడ దున్నపోతు మెడ. వాడొచ్చినంక ఇంట్ల లొల్లి బందైంది. "మస్తు మనిషి దొరికిండు" అని కోడలు అమల గూడ సంబురపడ్డది. ఓ పొద్దు కొమురమ్మ సగం పాలే పోసి జెరంత జల్దీ ఇంటికొచ్చింది. చూస్తే, బర్రెల పలుపుతోని మొగని రెండు చేతులు మంచానికి కట్టేసి ఉన్నయ్. పెదవి పగిలి గడ్డానికి రక్తం అంటింది. ఆ మనిషి పక్కనే కూసుని ఫోన్ చూసుకుంట అన్నం తింటున్నడు.

కొమురమ్మ పాల క్యాను ఎత్తి వాని తల మీద వేసింది. వాడు లేచి ఆమె గొంతు పట్టిండు. ఆమె వాని చెవి కొరికింది. అమల కేకలకు మురళి ఉరికొచ్చి విడిపించేసరికి అన్నం, పాలు, రక్తం కలిసి గచ్చంత ఒకటే అయింది. కట్లు విప్పితే ముసలాయన మణికట్లు పచ్చి పుండ్లు. ఎన్ని దినాల సంది కట్టిండో!

"ఇగ అయితది గాదు అమ్మా, ముసలోళ్ళ ఆశ్రమంల ఇడుద్దాం" అన్నడు మురళి.

ఫోన్ చేసిన ప్రతి ఆశ్రమం ముందుగాల ఒకటే అడిగింది, "పెద్దాయన చెయ్యి చేసుకుంటడా?" అని. అవునంటే ఫోన్ పెట్టేసిండ్రు. షహర్ బయట ఒక్కటి మాత్రం ఒప్పుకున్నది. కట్టేసి ఉంచుతం, మత్తు సూది ఇస్తం, దానికి మీరు సంతకం పెట్టాలె అన్నరు. మురళి పెట్టిండు. కొమురమ్మ రెండు దినాలు అన్నం ముట్టలేదు. "కొట్టంల కట్టేసిన బర్రెను గూడ సాయంత్రం విప్పుతంగదర! మీ బాపును విప్పేదెప్పుడు?" అని అడిగింది. మురళి లేచి కొట్టంలకు పోయిండు.

వ్యాన్ పొద్దుగాలనే వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి, మంచం కాడికొచ్చి, చెరో చెయ్యి పట్టిండ్రు. ముసలాయన కండ్లు మెరిసినయ్. ఒకని కడుపుల తలతోని పొడిచిండు, వాడు గోడకు కొట్టుకుని కుప్పకూలిండు. రెండోవాడు ఆయన మెడ మీద కొట్టిండు. మురళి బర్రెల కట్టె అందుకున్నడు. కొడుకు బాపు మీద కట్టె ఎత్తుడు చూసి కొమురమ్మ నడుమ దూకింది. "నన్ను కొట్టు! నన్ను కొట్టి తీస్కపో!"

కట్టె ఆగింది గానీ మొగడు ఆగలేదు. ఆమె నడుం పట్టి, పైకి లేపి, వేసిండు. ఈపు నేలకు తగిలింది. తుంటికాడ ఏదో పటుక్కుమన్నది. కండ్లు చీకట్లు కమ్మినయ్.

గంతే, ముసలాయన నెమ్మదించిండు. వంగి, ఆమె చెయ్యి పట్టి లేపబోయిండు. ఆమె లేవలేదు. అట్లనే ఈపు కింద చెయ్యి పెట్టి మెల్లగ దులిపిండు. నొప్పితోని పాణం పోతున్నా కొమురమ్మ ఒకటి చూసింది. మురళి కట్టె కింద పడేసి, గోడ దిక్కు మొఖం తిప్పుకున్నడు.

ఆ దినం వ్యాన్ ఖాళీగనే మర్లింది. తుంటి ఆపరేషన్ సర్కారు కార్డు మీదనే అయింది. వార్డుల తెలివి రాంగనే ఆమె కొడుకును దగ్గరికి పిలిచింది.

"నీకెరుకేనార?"

"ఏంది?"

"నేను పడంగనే ఆయన ఎందుకాగిండు? నువ్వు మొఖం ఎందుకు తిప్పినవ్?"

మురళి ఆఖరికి చెప్పిండు. "సామ్యూల్ ఈపు దులిపిన్నాడే ఎరుకైంది. తాలీంల పొద్దుగాల చెయ్యి పట్టిండంటే కుస్తీకి పిలిచిండన్నట్టు. ఒకడు చిత్ కావాలె, ఈపు నేలకు మోపాలె. గెలిచినోడు ఓడినోణ్ణి లేపి మన్ను దులపాలె. గప్పుడే స్నానం. బతుకంత గట్లనే చేసిండు. ఎవలన్న పడితే తప్ప నీళ్ళు పోసుకోడు."

ఆమె ఇసిరిన స్టీలు గ్లాసు మురళి కనుబొమ్మ మీద తగిలింది. రక్తం కంట్లకు కారింది. "ఎరుకుండి నా మొగుణ్ణి పలుపులతోని కట్టిస్తివా! ఎరుకుండి వ్యానెక్కిస్తుంటివా! నువ్వొకసారి ఈపు మోపితే ఏం పోతుండెర?"

"నేను పడ." మురళి రక్తం తుడుచుకోలేదు. "ఆయన ముంగట పడ అమ్మా. ఆ నాగుల పంచమి నాడు ఊరంత చూస్తుంటే నన్ను వేసిండు. లేస్తే మల్ల వేసిండు. పహిల్వాన్ కొడుకునని చెప్పుకుంట తిరుగుతవార అన్నడు. చెయ్యి ఇరిగినంక గూడ వేసిండు. ఓడిన ప్రతోణ్ణి లేపి దులిపేటోడు. నన్ను లేపలే. మన్నుల ఇడిసిపెట్టి పోయిండు."

కొమురమ్మ ఏండ్లకేండ్లు ఆ మన్ను లంగోటీలను మురిపెంగ ఉతికిన తన చేతులను చూసుకుని ఏడ్చింది. కొసకు ఒక్కటే అన్నది, "ఈ తుంటి మంచిగుంటే రోజూ నేనే పడుదు బిడ్డా. నిన్ను అడగకపోదును."

ఆమెను ఇంటికి తెచ్చేసరికి ముసలాయన గది గబ్బు కొడుతున్నది. ఎవ్వరూ దగ్గరికి పోలేదు. అమల తలుపు సందుల నుంచి పళ్ళెం నూకుతున్నది. మణికట్ల పుండ్లు చీము పట్టినయ్. తెల్లారితే వ్యాన్ వస్తది, ఈసారి సూది తెస్తమన్నరు. కొమురమ్మ మంచాన్ని ఆ గది ముంగటనే వేయించుకున్నది. లేచి అడ్డం పడే తాకత్ లేదు, కనీసం చూస్తనన్నది.

పొద్దుగాల మురళి పాలు పిండి లేచిండు. అంగీ ఇప్పి గోడ మొలకు తగిలించిండు. గదిలకు పోయి, తొడ చరిచి, చెయ్యి సాపిండు.

ముసలాయన లేచిండు. ఆ లేచుడు రోగిష్టి మనిషి లేచుడు కాదు. వచ్చుడు వచ్చుడే మోచేత్తోని గొంతు మీద పొడిచిండు. మురళి ముక్కుల రక్తం చిమ్మింది. తలలు తాకినయ్, గోడ పెచ్చులు రాలినయ్. మురళి బాపు ఎనుకకు దూరి మెడ చుట్టూ చెయ్యేసిండు. చెయ్యి బిగిసింది. ఇంకా బిగిసింది. ముసలాయన కండ్లు పైకి తేలినయ్, కాళ్ళు గచ్చు మీద కొట్టుకుంటున్నయ్. కొడుకు మొఖం చూసి కొమురమ్మకు ఎరుకైంది. వీడు ఆడుతలేడు, చంపుతున్నడు.

"మురళీ! బిడ్డా!"

ఆ పిలుపుకు చెయ్యి సడలింది. ముసలాయన దగ్గుకుంట తిరిగి, వాని నడుం పట్టిండు. లేపే బలం ఆయనకు లేకుండె. మురళి తనంతట తానే ఎనుకకు వాలి, రెండు భుజాలు గచ్చుకు మోపి, కండ్లు మూసుకున్నడు.

గది నిమ్మళమైంది. అంజన్ పహిల్వాన్ ఆయాసపడుకుంట వంగి, చెయ్యిచ్చి లేపిండు. ఈపు దులిపిండు. ఎంతసేపు దులిపిండో! ముక్కు రక్తం గూడ తన అరచేత్తోని తుడిచిండు.

"మస్తు పట్టినవ్‌ర పోరగా. ఎవల కొడుకువు నువ్వు?"

మురళి ఆయన కండ్లల్లకు చూసిండు. "పాలోళ్ళ పిల్లగాన్ని, ఉస్తాద్."

"మీ బాపుకు చెప్పు, అంజన్ పహిల్వాన్ అన్నడని. పోరడు మంచోడు, ఊకె కొట్టొద్దని చెప్పు."

"చెప్త" అన్నడు మురళి.

బయట వ్యాన్ హారన్ కొట్టింది. వాపస్ పొమ్మని చెప్పమని కొమురమ్మ అమలను తోలింది. లోపల ముసలాయన పోయి నల్లా కింద కూసుని తల వంచిండు. మురళి చెంబుతోని నీళ్ళు పోస్తున్నడు.