పహిల్వాన్ కొట్టని రోజు

దుబాయ్‌లో నర్సుగా పనిచేసిన రోజుల్లో మండుటెండలో స్వెట్టర్ చేత పట్టుకుని బస్సెక్కేదాన్ని. జనం వింతగా చూసేవాళ్ళు. డేరా అనే పేటలో మా క్లినిక్ చిన్నది. దగ్గరలో ఉన్న ఐస్ రింకులో మ్యాచ్ జరిగినప్పుడల్లా ఒక నర్సును పంపాలని క్లినిక్‌కూ ఆ రింకు వాళ్ళకూ ఒప్పందం ఉండేది. లోపలి చలికి భయపడి పాతవాళ్ళెవరూ వెళ్ళేవాళ్ళు కాదు. 2005లో నేను కొత్తగా చేరాను గనక ఆ డ్యూటీ నా నెత్తిన పడింది.

మంచు మీద హాకీ ఆడతారని అప్పటిదాకా నాకు తెలియదు. బూట్ల కింద బ్లేడ్లు కట్టుకుని, చేత కర్రలు పట్టుకుని, నల్లటి రబ్బరు బిళ్ళ వెంట పడతారు. మైదానం చుట్టూ నడుమెత్తు గోడ, ఆ గోడ మీద జనానికి దెబ్బ తగలకుండా గాజు పలకలు. బిళ్ళ ఎవరి దగ్గరుంటే వాణ్ణి భుజంతో ఢీకొట్టి గోడకు అదిమేయొచ్చు. అది తప్పు కాదు, ఆటలో భాగమే. మొదటిరోజు ఆ చప్పుడు విని మందుల పెట్టె పట్టుకుని లేచి నిలబడ్డాను. పక్కనున్న రింకు మనిషి నవ్వి కూర్చోమన్నాడు.

మా ఆయన ఆ దగ్గరే నైఫ్ బజారులో ఒక అత్తర్ల దుకాణంలో సేల్స్‌మన్. ఇద్దరిదీ నెల్లూరు జిల్లా. ఇళ్ళల్లో పెద్దవాళ్ళతో ఉర్దూ మాట్లాడినా, మేమిద్దరం ఉన్నప్పుడు తెలుగే. ఆయనకు శుక్రవారం సెలవు, మ్యాచ్‌లూ ఎక్కువగా శుక్రవారం సాయంత్రాలే. డ్యూటీలో ఉన్నవాళ్ళకిచ్చే పాసులు నేను ఆయనకిచ్చాను, ఒక్కడూ గదిలో కూర్చుని ఏం చేస్తాడులే అని. ఒకసారి వచ్చి చూసి అతుక్కుపోయాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఊళ్ళో కబడ్డీ ఆడేవాడు. ఇది కూడా కబడ్డీయే, చేతిలో కర్రలొకటి ఎక్కువ అనేవాడు. తర్వాత తన స్నేహితుణ్ణి కూడా వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. అతనిది కరీంనగర్ వైపు, ఇళ్ళకు టైల్స్ వేసే పని. ఇద్దరూ గాజు పలక పక్కనే చోటు చూసుకుని కూర్చునేవాళ్ళు.

వాళ్ళిద్దరే కాదు, రింకుకు వచ్చే జనంలో సగం మంది ఒక్క మనిషి కోసమే వచ్చేవాళ్ళు. ఎక్కడో చలిదేశం నుంచి వచ్చిన ఆటగాడు అతను. తన దేశంలో జీతానికి ఆడి ఆడి, వయసు మీదపడ్డాక, ఇక్కడి క్లబ్‌కు పిల్లలకు ఆట నేర్పడానికీ మ్యాచ్‌లలో ఆడటానికీ వచ్చాడు. తలుపులో పట్టనంత మనిషి. గోల్ కొట్టడం అతని పని కాదు. ఎదుటివాళ్ళను గుద్ది వాళ్ళ ఊపు తగ్గించాలి. మన జట్టులో చురుగ్గా ఆడే చిన్నవాళ్ళ జోలికి ఎవడైనా వస్తే వెళ్ళి వాడి సంగతి చూడాలి, అవసరమైతే గ్లౌజులు విసిరేసి కొట్లాడాలి. అలా కొట్లాడినందుకు రెఫరీ కాసేపు బయట కూర్చోబెట్టేవాడు. అతను వెళ్ళి కూర్చుంటుంటే జనం లేచి చప్పట్లు కొట్టేవాళ్ళు. అతని అసలు పేరు పలకడం చేతకాక మనవాళ్ళంతా పహిల్వాన్ అనేవాళ్ళు. రానురాను తెల్లవాళ్ళు కూడా అదే పేరుతో అరవడం మొదలుపెట్టారు.

ఆట మొదలైన కాసేపటికే అతను ఎవరో ఒకర్ని గట్టిగా గోడకేసి కొట్టాలి. అంతవరకూ స్టాండ్స్ కుదురుగా ఉండేవి కాదు. ఆ ఒక్క దెబ్బ పడ్డాక జనం వెనక్కి జారగిలబడేవాళ్ళు. మ్యాచ్ ఓడిపోయినా సరే, "ఇవాళ పహిల్వాన్ అదరగొట్టాడు" అనుకుంటూ ఇంటికి పోయేవాళ్ళు.

నేను చూసిన మనిషి వేరు. ఆట అయ్యాక మెడికల్ రూంకి వచ్చి, తల వంచుకుని, చేతులు రెండూ నా ముందు పెట్టేవాడు. వేళ్ళ కణుపులు వాచి, పాత విరుగుళ్ళు సరిగ్గా అతుక్కోక వంకర్లు తిరిగి ఉండేవి. ఐస్ పెట్టి కట్టు కట్టేదాన్ని. మాటలు తక్కువ. వచ్చీరాని ఇంగ్లీషు అతనిది, నాదీ అంతంతమాత్రమే. ఒకరోజు, గాజు పలకను పగిలేట్టు బాదే నీలం చొక్కా మనిషి ఎవరో తెలుసా సిస్టర్, అని అడిగాడు. మా ఆయనే అని చెప్పాను. అతను నవ్వడం అదే మొదటిసారి చూశాను.

రెండో ఏడు చలికాలంలో అతనిలో ఏదో తేడా కనిపించింది. మెడికల్ రూంలో ట్యూబ్‌లైటు ఆర్పమని అడిగేవాడు. నేనొకటి అడిగితే కాసేపాగి ఇంకొకటి చెప్పేవాడు. ఒకసారి లేచి నిలబడి, గోడ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తలకు తగిలిన దెబ్బలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయని నాకు అర్థమైంది. మా డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ పిలిపించి పరీక్ష చేసి, ఆట మానేయాలని గట్టిగా చెప్పింది. సరేనని కొన్ని వారాలు ఆగాడు.

ఆ వారాల్లో స్టాండ్స్ ఖాళీ అయ్యాయి. క్లబ్ మేనేజరును అందరూ అరబ్బీ మాటతో ముదీర్ అనేవాళ్ళు. అతను మెడికల్ రూం గుమ్మంలో నిలబడి, పహిల్వాన్ మళ్ళీ ఆటకు ఎప్పుడు దిగుతాడని నన్నే అడిగేవాడు. ఇంట్లోనూ అదే ప్రశ్న. మీ పహిల్వాన్‌కు ఏమైంది అని మా ఆయన రోజూ అడిగేవాడు. పేషెంటు సంగతి ఇంట్లో చెప్పకూడదని శిక్షణలో మొట్టమొదట నేర్పారు గనక, నాకు తెలీదన్నాను. భార్య అక్కడే పనిచేస్తూ ఏమీ తెలీదంటుందని ఆయనకు చిన్నతనంగా ఉండేది. 

ఆఖరికి ముదీర్ మాట కాదనలేక పహిల్వాన్ దిగాడు. డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదు. నేను రింకుకు వెళ్ళేసరికి బూట్లు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వద్దన్నాను. ఒక్కరోజే సిస్టర్, అన్నాడు.

ఆ సాయంత్రం స్టాండ్స్ నిండిపోయాయి. అతను ఎవర్నీ గుద్దకుండా, బిళ్ళ అందుకుని పక్కవాడికి ఇస్తూ ఆడుతున్నాడు. సగం ఆట అయ్యింది. జనం ఎదురుచూస్తున్న ఆ ఒక్క దెబ్బ ఇంకా పడలేదు. అప్పుడు ఎదుటి జట్టులో ఒక కుర్రాడు, మన జట్టులో అందరికంటే సన్నంగా ఉండే ఆటగాణ్ణి వెనకనుంచి తోశాడు. ఆ సన్నటివాడు మొహం గోడకు కొట్టుకుని కింద పడ్డాడు. రెఫరీ విజిల్ వేశాడు. స్టాండ్స్ మొత్తం లేచి నిలబడ్డాయి. ఇక జరగబోయేది ఏమిటో అందరికీ తెలుసు.

పహిల్వాన్ ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళాడు. గ్లౌజులు తీశాడు. గుండెల మీద చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. కుర్రాడు కళ్ళు మూసేసుకున్నాడు. జనం మారో మారో అని అరుస్తున్నారు. పహిల్వాన్ అతని చెవిలో ఏదో చెప్పి, చొక్కా వదిలేశాడు. తర్వాత కింద పడ్డవాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా కోసం చెయ్యెత్తాడు.

నేను మంచు మీద తడబడుతూ వెళ్ళేసరికి అరుపులు మారిపోయాయి. ఈలలు, బూతులు. ఒక నీళ్ళ సీసా వచ్చి మా పక్కన పడింది. పడ్డవాడి ముక్కునుంచి రక్తం కారుతుంటే గుడ్డతో అదిమి పట్టుకున్నాను. ఆ గోలలోంచి ఒక గొంతు విడిగా వినిపించింది. గాజు పలక బాదుతూ డర్‌పోక్, డర్‌పోక్ అంటోంది. పిరికివాడా అని. ఆ గొంతు నాకు బాగా తెలుసు. పహిల్వాన్ అటువైపు ఒక్కసారి చూసి, మళ్ళీ నా చేతులవైపు తిరిగాడు.

ఆట అయ్యాక అతను మెడికల్ రూంలో దీపం ఆర్పించి, బెంచీ మీద కూర్చుని, తడిగుడ్డ కళ్ళమీద వేసుకున్నాడు. బ్లేడ్ల బూట్లు ఎలాగో విప్పాడు గానీ మామూలు బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగలేకపోతున్నాడు. నేను మూలన చిన్న టేబుల్ లైటు వెలుగులో దెబ్బతగిలినవాడి ముక్కుకు కట్టు వేస్తున్నాను. నన్ను తీసుకెళ్ళడానికి మా ఆయన వచ్చి తలుపు తోశాడు. కోపంతోనే వచ్చాడు, మొహంలో తెలుస్తోంది. చీకట్లో ఆ పెద్ద మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

పహిల్వాన్ గుడ్డ తీసి చూశాడు. "నీలం చొక్కా" అన్నాడు. తర్వాత కాళ్ళు చూపించి, వంగితే తల తిరుగుతోంది, ఇవి కాస్త కడతావా, అని అడిగాడు.

మా ఆయన నావైపు చూశాడు. నేను కట్టు వేస్తూనే ఉన్నాను. ఆయన నేలమీద కూర్చుని, ఒక బూటు తర్వాత ఒకటి, తాళ్ళు మెల్లగా కట్టాడు. నమాజుకు వెళ్ళేముందు కాళ్ళు కడుక్కునేటంత శ్రద్ధగా కట్టాడు. కట్టాక కూడా లేవలేదు. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో సారీ చెప్పాడు.

"నువ్వు అడిగింది నేను ఇన్నాళ్ళూ ఇచ్చిందే. అడగడం తప్పు కాదు. ఇప్పుడది నా దగ్గర లేదు, అంతే" అన్నాడు పహిల్వాన్.

ఇంటికి నడిచే వచ్చాం.  మేముండే నైఫ్ సందులోకి తిరిగాక మా ఆయన, "నీకు ముందే తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్పకూడదు."

ఆయన తల ఊపాడు. "చెప్పకపోయినా నేనట్టా అరిచుండకూడదులే" అన్నాడు. ఆ తర్వాత ఆ విషయం మా మధ్య మళ్ళీ గొడవగా రాలేదు.

పహిల్వాన్ ఇక మ్యాచ్‌లు ఆడలేదు. ఒప్పందం అయ్యేదాకా పిల్లలకు ఆట నేర్పాడు. మా ఆయన స్నేహితుడికి మాత్రం కోపం పోలేదు. "కొట్టకపోతె గాయినెందుకు? గంత పెద్ద మనిషిని ఉత్తగ చూసెతందుకు పోతమా?" అనేవాడు. ఎండలో పగలంతా పనిచోట ముదీర్ల చేత తిట్లు తిని, వారానికోసారి తన తరఫున ఒకడు ఎవర్నో కొడితే చూసి ఊపిరి పీల్చుకునే మనిషి అతను. అతని మీద నాకు కోపం రాలేదు. తెచ్చుకుందామని చూసినా రాలేదు.

ఎండలు ముదరకముందే ఒక ఉదయం, మా ఆయన నాతోపాటు పిల్లల క్లాసు చూడటానికి వచ్చాడు. పహిల్వాన్ పిల్లలకు పడటం నేర్పుతున్నాడు. తల వెనక్కి కొట్టుకోకుండా, గడ్డం గుండెకు ఆనించి, పక్కకు ఎలా ఒరగాలో తనే పడి చూపిస్తున్నాడు. పిల్లలు నవ్వుకుంటూ ఒకరి తర్వాత ఒకరు పడుతున్నారు. క్లాసయ్యాక వచ్చి మా పక్కన కూర్చున్నాడు. వచ్చే నెలలో వెళ్ళిపోతున్నాననీ, అక్కావాళ్ళకు ఆపిల్ తోట ఉందనీ, అక్కడ ఉంటాననీ చెప్పాడు. మ్యాచ్‌లు లేకుండా ఉండగలవా అని మా ఆయన అడిగాడు. అతను గ్లౌజుకు అంటిన మంచు దులుపుకున్నాడు.

"మా అమ్మ ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు, చూడలేక" అన్నాడు. "కానీ నన్ను చూసి అంతమంది ఒక్కసారిగా లేచి నిలబడటం ఉంది చూడు, అలాంటిది నాకింకెక్కడా దొరకలేదు. దొరకదు కూడా."

 మా ఆయన దుకాణంనుంచి తెచ్చిన చిన్న అత్తరు సీసా ఇచ్చాడు. ఆ వాసన తనకు తలనొప్పి తెస్తుందని పహిల్వాన్ చెప్పలేదు. నాకు తెలుసు. మూత తీయకుండా జేబులో పెట్టుకుని, భుజం తట్టి వెళ్ళాడు. అదే అతన్ని ఆఖరిసారి చూడటం. తర్వాత ఎలా ఉన్నాడో తెలియలేదు.

తర్వాతి సీజన్‌కు క్లబ్‌వాళ్ళు ఇంకో భారీ మనిషిని తెచ్చారు. మొదటి మ్యాచ్‌కే జనం అతన్నీ పహిల్వాన్ అన్నారు. మా ఆయన రావడం మానేశాడు. నేను మా డాక్టరమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి ముదీర్‌తో మాట్లాడాను. తలకు దెబ్బ తగిలినవాణ్ణి డాక్టరు సరేననేదాకా దింపకూడదు, దింపితే ఇక నర్సును పంపం అని ఆవిడ కచ్చితంగా చెప్పింది. ముదీర్ చాలాసేపు వాదించాడు. ఖలాస్, మీ ఇష్టం అని చేతులు దులుపుకున్నాడు గానీ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

ఆ సీజన్ మధ్యలోనే ఒకసారి కొత్తతను గోడకు తల కొట్టుకున్నాడు. మిగతా ఆట అంతా నేనతన్ని బెంచీ మీదే కూర్చోబెట్టాను. జనానికి విషయం అర్థమైంది. ఈసారి కేకలు నా మీద పడ్డాయి. హిందీలో, ఇంగ్లీషులో, ఒకడెవడో అచ్చ తెలుగులో కూడా తిట్టాడు. నేను తల తిప్పలేదు. ఆ కొత్తతను సిగ్గుతో నేలచూపులు చూస్తుంటే, నీళ్ళు తాగమని సీసా ఇచ్చాను. రెండు వారాల తర్వాత డాక్టరమ్మ సరేనంది. అతను ఆడాడు, బాగానే ఆడాడు.