అందరూ తలూపిన వాక్యం

ఈ మధ్య మా చెల్లెలి కూతురు తన ఆఫీసు పని నాకు చూపించింది. ఏది దేనికి సంబంధించినది, ఏది ముందు, ఏది తర్వాత అని నాలుగు వాక్యాలు టైపు చేసింది. చెయ్యడం అయీ కాకముందే కంప్యూటరు ఆ మాటలు చదువుకుని డబ్బాలూ బాణాలూ ఉన్న బొమ్మ గీసిపెట్టింది. "బొమ్మలు మేం గీయం పెద్దమ్మా, మాటలు రాస్తాం, బొమ్మ దానంతటదే వస్తుంది" అంది గొప్పగా. బాగుందన్నాను. లోపల మాత్రం కలుక్కుమంది. ఈ పద్ధతి మీద ప్రాణం పెట్టుకున్న ఒక మనిషి నాకు తెలుసు. ఆయన దీన్ని మరీ ముందు మొదలుపెట్టారు. ఇది ఆయన చూడలేదే అని ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఎనభైలలో నేను బెంగుళూరులో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేదాన్ని. మాది చిక్కబళ్ళాపురంలో కిరాణా అంగడి నడిపే ఇల్లు. ఎవరేం చెప్పినా 'అట్లెందుకు?' అని అడగందే ఒప్పుకోని వాళ్ళం. నా పైనుండే సార్‌ది బాగేపల్లి వైపు, తరతరాలుగా గుడిలో అర్చకత్వం చేసిన ఇల్లు. ఆయన ఇంజనీరయ్యారు గానీ గొంతు మాత్రం ఇంటిదే. క్యాంటీనులో టీ అడిగినా మంత్రపుష్పం చదివినట్టుండేది. నేను ఆట పట్టిస్తే నవ్వి ఊరుకునేవారు.

ప్రోగ్రాము రాసే ముందు, ఆ పని బయట ఎలా నడుస్తోందో కాగితం మీద పెట్టుకోవాలి. ఇల్లు కట్టే ముందు ప్లాను వేసినట్టు. అందరూ దాన్ని బొమ్మల్లో గీసేవారు. సార్‌కి ఆ బొమ్మలంటే ఒళ్ళుమంట. "గీసినవాడికి తప్ప అది ఎవరికి తెలుస్తుందమ్మా? ఆ పని చేసుకునేవాళ్ళకు తెలియొద్దా?" అనేవారు. అందుకని ఆయన సొంతంగా ఒక చిన్న భాష కట్టుకున్నారు. ప్రతి, ఒకటే, ఉంటే, లేకుంటే, అప్పుడు — ఇలాంటి గుప్పెడు మాటలతోనే వాక్యాలు రాయాలి. అవే వాక్యాలను ఇంగ్లీషులో కంప్యూటరుకు ఎక్కిస్తే, పొంతన లేనివాటిని అది పట్టుకునేది. ఒకచోట చెప్పినదానికి ఇంకోచోట విరుద్ధంగా ఉన్నా, మధ్యలో ఏదైనా చెప్పడం మరిచినా ముద్రించి చూపించేది. ఆ ప్రోగ్రాము కూడా ఆయనే రాశారు, ఏళ్ళ తరబడి, సెలవులన్నీ ధారపోసి.

అయితే ఒక వాక్యం నిజమా కాదా అన్నది కంప్యూటరుకు తెలియదు. అది మనుషులే చెప్పాలి. ఆయన నమ్మకమంతా అక్కడే ఉండేది. మామూలు మాటల్లో రాసి పైకి చదివితే, బడికి పోనివాళ్ళు కూడా విని, ఇది తప్పు అని చెప్పగలరని.

మా మేనేజరుకు ఈ గోల పట్టదు. చివరకు విసిగి, "సరే, ఒక్క పని మీ పద్ధతిలో చెయ్యండి. సక్రమంగా నడిస్తే కంపెనీ అంతా ఇదే పద్ధతి. నడవకపోతే ఇక ఈ మాట ఎత్తొద్దు" అన్నాడు. అప్పుడు చేతికొచ్చింది బాగేపల్లి, చింతామణి మధ్య తిరిగే ప్రైవేటు బస్సుల పని. ఓనర్లు అరడజను మంది దాకా ఉండేవారు. ఏ రోజు ఎవరి బస్సు వంతు, ఏ టైముకు కదలాలి అన్నది తేలక స్టాండులో కీచులాటలు. ఆ పట్టిక కంప్యూటరు వేసివ్వాలి. తన ఊరి పనే వచ్చిందని సార్ ముఖం వెలిగిపోయింది.

వారాల తరబడి స్టాండుల్లో తిరిగి మాటలు సేకరించాం. వాక్యాలు తెలుగులో, అక్షరాలు మాత్రం కన్నడలో రాశారు సార్. అక్కడ అందరూ మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది కన్నడం. ఆ రాతప్రతి తీసుకుని బాగేపల్లిలో పెద్ద ఓనరు మిద్దె మీదికి వెళ్ళాం. వ్యాపారం చేసి తల నెరసిన మనిషి ఆయన. మాకు కుర్చీలు వేసి ఓనర్లంతా చాప మీద కూర్చున్నారు. సార్ కాగితాలు తీయగానే ఒక్కొక్కరే లేచి, చాప పక్కన విడిచిన చెప్పులు గడప బయట పెట్టి వచ్చారు. నాకు నవ్వొచ్చింది. అప్పుడే అనుమానం రావాల్సింది.

"ప్రతి బస్సుకు ఓనరు ఒకరే. ప్రతి ట్రిప్పుకు బస్సు ఒకటే. ఓనరింట్లో చావుంటే అప్పుడు ఆ ట్రిప్పు పక్క వంతువారిది. టైమైతే బస్సు కదలాల." ఆ గొంతులో ఇవి ఎంత బాగున్నాయని! ఉగాదినాడు పంచాంగం వింటున్నట్టు అందరూ చేతులు కట్టుకుని విన్నారు. ప్రతి వాక్యానికీ తలూపారు. అయ్యాక సార్ కాగితాలు దించి, "తప్పులుంటే చెప్పండప్పా, దానికే చదివింది" అన్నారు.

"తప్పేముండాదప్పా! శానా బాగుండాది" అన్నాడు పెద్ద ఓనరు. మిగతావాళ్ళు కూడా అదే మాట అన్నారు. తిరుగు ప్రయాణంలో సార్ బస్సు కిటికీలోంచి చూస్తూ తనలో తనే నవ్వుకున్నారు. అంత సంతోషంగా ఆయన్ని మళ్ళీ చూడలేదు నేను.

పట్టిక తయారైంది. పంపించాం. కొన్నాళ్ళకు ఎలా నడుస్తోందో చూద్దామని ఇద్దరం బాగేపల్లి స్టాండుకు వెళ్ళాం. టికెట్ల గదిలో గోడకు మా పట్టిక ఉంది. నాలుగు మూలలా పసుపు, కుంకుమ, పైన కనకాంబరాల మాల. పట్టిక ప్రకారం అప్పటికే కదిలిపోవాల్సిన చింతామణి బస్సు మాత్రం మా ఎదురుగానే నిలబడి ఉంది. ఎందుకు కదల్లేదని సార్ అడిగితే కండక్టరు ఆయన్ని వింతగా చూశాడు.

"పరగోడు ఊరి నుంచి పూలబుట్టలు ఇంకా రాలేదు కదప్పా. అవి ఎక్కకుండా మొదటి బస్సు ఎప్పుడన్నా కదుల్తాదా?"

"మరి గోడ మీద ఉండే టైము?"

"అది కంప్యూటర్ టైమప్పా. బస్సు టైము వేరే."

సార్ నేరుగా పెద్ద ఓనరు ఇంటికి నడిచారు. పూలబుట్టల సంగతి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగారు. ఆయన నొచ్చుకున్నాడు. "మీరు అంత బాగా చదువుతాంటే మధ్యలో అడ్డం పడేదెట్లప్పా? గుడిలో మీ నాయన చదివేటప్పుడు మేం ఎప్పుడన్నా నోరెత్తినామా?"

సార్ ఓడిపోయానని ఒప్పుకోలేదు. పూలబుట్టల వాక్యం చేర్చారు, కంప్యూటరుతో సరిచూసుకున్నారు, అందర్నీ మళ్ళీ కూర్చోబెట్టమని కబురు పెట్టారు. ఈసారి ముందే గట్టిగా చెప్పారు. "ఇది శాస్త్రం కాదు, మీ బస్సుల లెక్క. తప్పు పట్టకపోతే నాకు నష్టం." అందరూ సరేనన్నారు. చెప్పులు మళ్ళీ బయటే విడిచారు. సార్ చదువుతున్నారు. పక్కన నా దగ్గర ఇంకో ప్రతి ఉంది, వేలు పెట్టి చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి అందులో లేని వాక్యం ఒకటి వినబడింది.

"బాగేపల్లి నుంచి చింతామణికి ప్రతి బస్సు గౌరిబిదనూరు మీదుగా పోవాల."

నేను తలెత్తాను. చింతామణి ఒక దిక్కు, గౌరిబిదనూరు ఇంకో దిక్కు. ఆ దారిలో బస్సు నడిపేవాణ్ణి ఊళ్ళోవాళ్ళు పిచ్చాసుపత్రికి పంపుతారు. సార్ చదవడం ఆపి ఒక్కొక్కరి ముఖమూ చూశారు. వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత పెద్ద ఓనరు మెల్లగా తలూపాడు. ఆయన్ని చూసి అందరూ ఊపారు.

"ఇన్నాళ్ళు చుట్టు తిరక్కుండా నెట్టగా పోతాంటిమి. మీరు చెప్పినాక అట్లే పోదాంలేప్పా" అన్నాడాయన, చాలా గౌరవంగా.

సార్ గొంతు తడబడలేదు. మిగతా వాక్యాలన్నీ అదే గొంతుతో చివరిదాకా చదివారు. కాఫీ తాగారు. అందరికీ నమస్కారం పెట్టి ముందు తానే మెట్లు దిగారు.

వెనకాల దిగుతున్న నన్ను పెద్ద ఓనరు పక్కకు పిలిచాడు. మా నాయన అంగడి ఆయనకు తెలుసు. "అమ్మా, నువ్వు మా అంగళ్ళ పిల్లవి కాబట్టి చెప్తాండా. గౌరిబిదనూరు చుట్టుకోని యాడ పోయేది? పొద్దున బయల్దేరితే సాయంకాలానికి కూడా చేరం. ఇంకా ఉండాయమ్మా, శానా తప్పులుండాయి. సారుకు నొప్పి కాకుండా నువ్వే దిద్దుకో." అక్కడే మెట్ల మీద నిలబడి ఒక్కొక్కటీ చెప్పాడు. మిగతావాళ్ళు కూడా వచ్చి చుట్టూ చేరి తలా ఒకటి అందించారు. ఒకరి మాట ఒకరు ఖండించుకున్నారు కూడా. వాక్యాలు వాళ్ళకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. సార్ ఇన్నేళ్ళుగా కోరుకున్నది అచ్చం అదే. ఆయన వీధి చివర బస్సు కోసం నిలబడి ఉన్నారు.

బస్సెక్కాక జరిగింది చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను. ఆ భాష పనిచేస్తుందని తేలింది కదా.

"నీకు చెప్పినారా?" అన్నారు.

"అన్నీ చెప్పినారు సార్. ఈసారి నేను చదువుతాను."

ఆయన చిక్కబళ్ళాపురం వచ్చేటప్పుడు అన్నారు. "అయితే భాషలో తప్పు లేదమ్మా. వినేవాళ్ళలోనూ లేదు. నా నోట్లో ఉండాది."

మేనేజరు అడగకముందే ఆయనే వెళ్ళి చెప్పేశారు, నడవలేదని. ఓనర్లు నాకు చెప్పిన తప్పుల మాట ఎత్తనివ్వలేదు. నేను పోట్లాడాను, ఆయన మీద అలిగాను కూడా. మనిషి కదల్లేదు. ఆ తర్వాత ఆయన కూడా అందరిలాగే డబ్బాలూ బాణాలూ గీశారు. ఏ ఊరికి వెళ్ళినా ఆ బొమ్మ వాళ్ళ ముందు పరిచేవారు. ఎవరైనా ఏమైనా అడిగితే వేలు పెట్టి చూపించేవారు, నోరు మాత్రం విప్పేవారు కాదు.