చెప్పులు విడిచి ఇచ్చిన కొలత

నాందేడ్‌లో దేగ్లూర్ నాకా దాటాక, ఇనుప సామాన్ల దుకాణాల వరుస చివరన రాధాకిషన్ షెడ్డు ఉంటుంది. గేట్లు, కిటికీ జాలీలు, నీళ్ల ట్యాంకుల స్టాండ్లు అక్కడ తయారవుతాయి. అయితే ఊళ్లో అతని పేరు నిలబడింది వాటివల్ల కాదు, మనిషికి తగినట్టు బండిని మార్చి ఇవ్వడంవల్ల. పాలవాడికి నాలుగు క్యాన్లు మోసే చట్రం, బుల్లెట్ మీద మోజుపడిన కాలేజీ కుర్రాడికి ఎత్తయిన హ్యాండిల్, కాలు సహకరించని మనిషికి పక్క చక్రాలు. ఏ పని వచ్చినా అతని పద్ధతి ఒక్కటే. ముందుగా టేపు తీయడు. షెడ్డు మధ్యలో జానెడు ఎత్తున సిమెంటు గద్దె ఉంది. బండిని దానిమీద నిలిపి, పసుపు కుంకుమ పెట్టి, ఎక్కబోయే మనిషిని కూర్చోబెడతాడు. మోకాలు ఎక్కడికి వస్తోంది, మోచెయ్యి ఎంత వంగుతోంది, మడమ ఎక్కడ ఆనుతోంది, అన్నీ సుద్దముక్కతో గుర్తు పెడతాడు. టేపు వంతు ఆ తరువాతే.

గద్దె దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పులు గడప బయటే విడవాలి. అది రాధాకిషన్ పెట్టిన నియమం కాదు, అతని ఉస్తాద్ బాబురావ్‌ది.

రాధాకిషన్ తండ్రి ఊళ్లోని బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసినవాడు. మిల్లు మూతపడిన ఏడాది రాధాకిషన్‌కు పదహారేళ్లు. పదో తరగతి పుస్తకాలు అటకెక్కించి బాబురావ్ షెడ్డులో చేరాడు. మొదటి ఆరునెలలూ బాబురావ్ అతని చేతికి వెల్డింగ్ రాడ్డు ఇవ్వలేదు, సుద్దముక్క ఇచ్చాడు. "బండిని అందరు కొలుస్తర్రా. నువ్వు మనిషిని కొలువు," అనేవాడు. ముప్పయ్యేళ్లు దాటినా, ప్రతి ఉదయం షెడ్డులో అగరుబత్తి వెలిగించేటప్పుడు రాధాకిషన్ ఇద్దరిని తలుచుకుంటాడు. ఒకరు ఉస్తాద్. రెండోవాడు తండ్రి. పోగు తెగినప్పుడు ముడి వేయడానికి తొందరపడకు, ఎక్కడ తెగిందో ముందు వెతుకు అని నేర్పిన మనిషి ఆయన.

మే నెల మొదటివారంలో ధర్మాబాద్ అవతలి పల్లె నుంచి దేవన్న అనే రైతు, కూతురు శివానిని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. శివానికి ఇరవైనాలుగేళ్లు. చిన్నతనంలో వచ్చిన జ్వరంతో ఆమె కుడికాలు ఎదుగుదల ఆగిపోయింది. చదువు మాత్రం ఆగలేదు. పక్క ఊరి పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. రోజూ పెద్దరోడ్డు దాకా వెళ్లి ఉత్తరాల సంచి తెచ్చుకోవాలి, నాలుగు పల్లెలు తిరిగి పంచాలి. ఆ వేళకు ఆ దారిలో బస్సు లేదు.

"ఈ నెల ఇరవయ్యో తారీకు సోమవారం. ఆ దినం పనిల జేరకుంటె నౌకరీ ఇంకోలకు పోతది మిస్త్రీ," అన్నాడు దేవన్న. వెంట తెచ్చిన పాత స్కూటర్ వైపు చూపించి, "దీన్ని మా పిల్లకు కాళ్లు జెయ్యి," అన్నాడు.

శివాని చెప్పులు బయట విడిచి, తండ్రి భుజం పట్టుకుని లోపలికి వచ్చింది. స్కూటర్‌ను తాకి కళ్లకద్దుకుని ఎక్కి కూర్చుంది. రాధాకిషన్ చాలాసేపు గద్దె చుట్టూ తిరిగాడు. ఎడమకాలు కింద పలకమీద నిండుగా ఆనింది. కుడికాలు గాలిలో వేలాడింది.

"రెండున్నర ఇంచులు తక్కువ. పడ్తనని ఫికర్ బెట్టుకోకు బిడ్డా," అన్నాడు. "గా సందుల ఒక పీట గూసుంటది. నీ కాలు దాని మీద రాజు లెక్క గూసుంటది."

"రాజు గాదు కాకా, పోస్టుమన్," అంది శివాని.

తొమ్మిది రోజుల్లో బండి తయారైంది. వెనుక రెండు పక్క చక్రాలు, ముందు ఉత్తరాల సంచి పెట్టుకునే పెట్టె, కుడికాలి కింద రెండున్నర ఇంచుల ఇనుప పీట. తీసుకువెళ్లేరోజు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. శివాని ఆవరణలో మూడు చుట్లు తిరిగింది. బండి చెప్పినట్టు విన్నది. దాన్ని టెంపోలోకి ఎక్కిస్తుంటే రాధాకిషన్ తన చేతిపనిని తానే మురిపెంగా చూసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం దేవన్న ఫోను చేశాడు.

"మిస్త్రీ, బండి సక్కగ పోతది గని కుడిదిక్కు మలుగుతలేదు. పిల్ల సీదా బోయి చొప్పకుప్పల వడ్డది."

రాధాకిషన్ చేతిలోని రాడ్డు కింద పెట్టాడు. "దెబ్బ తాకిందా?"

"మోచెయ్యి గీసుకపోయింది. దెబ్బకన్న బుగులెక్కువుంది. ఇగ ఎక్కనంటుంది. సోమవారం ఎట్ల?"

ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. కుప్ప కాకుండా అక్కడ బావి ఉంటే? ఎదురుగా ట్రాక్టర్ వస్తుంటే? చక్రాల వరుస తప్పిందా, హ్యాండిల్ కింది బేరింగ్ బిగుసుకుందా అని మనసులోనే బండినంతా విప్పి బిగించాడు. శుక్రవారం పొద్దున్నే గ్రైండరు, రాడ్లు, టేపు సంచిలో వేసుకుని ధర్మాబాద్ రైలు ఎక్కాడు.

దేవన్న ఇంటి ముందు అతనికి స్వాగతం చెప్పింది దేవన్న తల్లి అనుసూయాబాయి. డెబ్బయ్యెనిమిదేళ్ల మనిషి, చేతిలో చేట, నోట్లో చురకత్తి.

"అచ్చినవా మిస్త్రీ? నీ బండికి మా చొప్ప మస్తు రుచయింది. ఎడ్లకన్న ముందుగాల్ల అదే మూతివెట్టింది."

"తప్పయింది అవ్వా. సూడనియ్యుండ్రి."

చక్రాల వరుస చూశాడు, సరిగ్గా ఉంది. బేరింగ్ విప్పి చూశాడు, నూనెలో వేలు జారినట్టు తిరుగుతోంది. తానే ఎక్కి వీధి చివరిదాకా వెళ్లి కుడికి మళ్లి వచ్చాడు. బండి ఎక్కడా మొరాయించలేదు.

అనుసూయాబాయి చేట పక్కన పెట్టింది. "నువ్వెక్కితె మలుగుతది, నా మనుమరాలెక్కితె మలగదు. బండికి గూడ మనిషి గుర్తు దెలుస్తదా ఏంది?"

శివాని లోపలి తలుపు దగ్గర నిలబడి వింటోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "బండి మంచిగనే ఉన్నది కాకా. నాకే చాత గాలే. నౌకరీ వద్దనుకుంట సంతకం జేసి పంపుత," అంది.

ఆ మాట రాధాకిషన్‌కు చొప్పకుప్ప మాటకంటే లోతుగా గుచ్చుకుంది. తన చేతిలోని లోపాన్ని ఆ పిల్ల తన కాలికి అంటగట్టుకుంటోంది. తెగిన చోటు దొరకకుండా ముడి వేయలేడు, అలాగని వదిలిపోనూ లేడు.

"ముందుగాల్ల చాయ్ తాగుదాం రా," అని దేవన్న లోపలికి పిలిచాడు. రాధాకిషన్ గడప దగ్గర చెప్పులు విడిచాడు. వంగి వాటిని పక్కకు జరపబోతూ ఆగిపోయాడు. అతని చెప్పుల పక్కన శివాని చెప్పుల జత ఉంది. ఎడమ చెప్పు అడుగు అందరి చెప్పుల్లాగే పలుచగా ఉంది. కుడి చెప్పుకు ఇటుకంత మందాన నల్లటి అడుగు కుట్టించి ఉంది.

అతను గడపమీదే కూలబడి టేపు తీశాడు. రెండున్నర ఇంచులు.

"శివానీ, బండెక్కినప్పుడు ఇవి ఏసుకున్నవా?"

"ఏసుకోకుంట ఎట్ల పోత కాకా? ఇండ్లిండ్లు దిరుగుడు నౌకరీ గద."

"మా షెడ్ల?"

"ఆడ బయట్నే ఇడిసిన. మీ గడపకాడ అందరు ఇడుస్తుండ్రి. కొబ్బరికాయ గొట్టిన దినం గూడ. కొత్తబండి మీద చెప్పుకాలెట్ల వెడ్త?"

విషయం అంతే. ఆమె కాలి కొరతను చెప్పు ఎప్పుడో పూడ్చేసింది. అదే కొరతను అతని పీట రెండోసారి పూడ్చింది. చెప్పుతో ఆ పీటమీద కాలు పెట్టగానే మోకాలు పైకి లేచి, కుడికి తిరగబోయే హ్యాండిల్‌కు అడ్డంగా నిలిచింది. గద్దెమీద, ఆవరణలో, ఆమె భక్తిగా వట్టికాళ్లతో ఎక్కింది కాబట్టి రెండుసార్లూ దాని జాడ తెలియలేదు.

రాధాకిషన్ అందరూ వినేలా చెప్పాడు. "నీ తప్పు గాదు బిడ్డా, బండిది గాదు. నాది. గడప బయట కొలత ఇడిసిపెట్టించి, లోపట ఎతుక్కున్న."

పీటను కోసి పారేస్తానని గ్రైండరు తీశాడు. ఆపింది శివానే.

"కోయకు కాకా. ఆనలు వడ్డంక మా నల్లరేగడిల ఈ చెప్పు ఏసుకొని నాలుగడుగులు ఎయ్యలేం. బురదల దిగవడి వెనకనే ఉండిపోతది. అప్పుడు నేను చెప్పులు పెట్టెల ఏసుకొని వట్టికాళ్లతోనే పోవాలె. అప్పుడు పీట ఉండాలె."

ఈ సంగతి నాందేడ్ డాంబరు రోడ్డుమీద బతికినవాడికి తట్టేది కాదు. అతను గ్రైండరు కింద పెట్టాడు. తరువాత అడిగాడు. "దేవన్నా, ఇంట్ల పాత తలుపు బందు ఏమన్న ఉన్నదా?"

దేవన్న కొట్టం తలుపు కీలును, ఆ ఇనుప బందును, ఊడదీసి తెచ్చాడు. ఊరి చివర ట్రాక్టర్ ట్రాలీలు బాగుచేసే షెడ్డులో వెల్డింగ్ మిషన్ అడిగి తీసుకున్నారు. పీట ఇప్పుడు బందుమీద మడిచేది అయింది. చెప్పులు వేసుకుంటే పైకి లేపి గొళ్లెం పెట్టాలి, వట్టికాళ్లయితే దించుకోవాలి. సూర్యుడు పడమటికి వాలేసరికి పని పూర్తయింది.

"ఎక్కు బిడ్డా. ఈసారి చెప్పులేసుకొని ఎక్కు."

శివాని కదల్లేదు. అనుసూయాబాయి గయ్యిమంది. "పొద్దుగూకె యాల్ల లచ్చిమి మీద చెప్పుకాలు వెట్టిపిస్తవా? నీకు పుణ్యముంటది!"

రాధాకిషన్ గడప దగ్గరికి వెళ్లి, ఆ మందపాటి చెప్పు తీసుకుని, భుజంమీది రుమాలుతో అడుగంతా శుభ్రంగా తుడిచాడు. రెండు చేతులా పట్టుకుని వచ్చి శివాని కాలి ముందు పెట్టాడు. యాభయ్యేళ్ల మనిషి తన కాళ్ల దగ్గర వంగడం చూసి ఆ పిల్ల కంగారుగా వెనక్కి జరిగింది.

అనుసూయాబాయి చెప్పునూ చూసింది, మనిషినీ చూసింది. లోపలికి వెళ్లి కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. "గట్లయితె దీనికి గూడ ఓ బొట్టు వెట్టుండ్రి. ఇది గూడ బండి సామానే గద," అంటూ తానే ఆ నల్లటి అడుగుకు పక్కగా బొట్టు పెట్టింది.

శివాని చెప్పులు తొడుక్కుని ఎక్కింది. వీధి చివర, చొప్పకుప్ప దగ్గర, బండి నెమ్మదించింది. కుడికి తిరిగింది. కుప్ప వెనుక కనబడకుండా పోయి, అవతలి సందులోంచి తిరిగి వచ్చింది. మళ్లీ వెళ్లింది. ఐదో చుట్టుకు వీధి అరుగులమీద జనం చేరారు. ఆమె ముఖంలో నవ్వు చూసి, అప్పుడుగానీ రాధాకిషన్ ఆ పొద్దు చల్లారిన చాయ్ తాగలేదు.

సోమవారం పదకొండు గంటలకు దేవన్న ఫోను చేశాడు. "జేరింది మిస్త్రీ," అని పెట్టేశాడు.

ఆ వారమే రాధాకిషన్ బాబురావ్ ఇంటికి వెళ్లాడు. ముసలాయనకు చూపు మందగించింది కానీ చెవులు చురుకే. అంతా విని నవ్వాడు.

"చెప్పులు ఎందుకు ఇడిపించిన్నో ఎరికేనా? దేవుని కోసమనుకున్నవా? గది సగం. చెప్పులు ఇడిస్తె గిరాకీ ఉరుకులాడడు. బుద్ధిగ నిలవడి ముచ్చట జెప్తడు. ముచ్చట జెప్తె మనిషి దెలుస్తడు. నువ్వు గడప పట్టుకొని మనిషిని ఇడిసినవ్."

"ఇప్పుడు ఏం జెయ్యాలె ఉస్తాద్?"

"నన్నడుగుతవా? పోస్టు పిల్లనడుగు. నీకు కొత్త పాఠం జెప్పింది ఆమెనే."

ఇప్పుడు షెడ్డులో కొలత రెండుసార్లు జరుగుతుంది. మొదట పసుపు కుంకుమ పెట్టిన బండిమీద వట్టికాళ్లతో కూర్చుంటారు. తరువాత రాధాకిషనే గడప దాకా వెళ్లి, వాళ్లు రోజూ వేసుకు తిరిగే చెప్పులో బూట్లో తుడిచి, గద్దె దగ్గరికి తెస్తాడు. మొహమాటపడేవాళ్లకు, "బండి సామానే గద" అన్న అనుసూయాబాయి మాట చెబుతాడు. రెండు రకాల సుద్దగీతలు పడతాయి. రెండూ చూసుకున్నాకే టేపు పెడతాడు.

జులై రెండోవారంలో షెడ్డుకు ఒక పోస్టుకార్డు వచ్చింది. గుండ్రటి ముద్ర స్పష్టంగా, ఒత్తి వేసినట్టుంది. కింద తెలుగులో నాలుగు వరుసలు ఉన్నాయి.

"కాకా, ముద్ర నేనే వేసిన. వానలు బాగ పడుతున్నయి. పీట దించుకొని పోతున్న. కొట్టం తలుపు బందు కొంచెం కిర్రుమంటుంది. నూనె ఎన్ని దినాలకు ఒకసారి వెయ్యాలె?"

ఫోను చేసి చెప్పడానికి అర నిమిషం పట్టదు. అయినా రాధాకిషన్ చేతులు కడుక్కుని, నడుచుకుంటూ పోస్టాఫీసుకు వెళ్లాడు. ముప్పయ్యేళ్ల తరువాత మొదటిసారి ఒక కార్డు కొన్నాడు. వెల్డింగ్ రాడ్డు పట్టినంత గట్టిగా కలం పట్టుకుని, వారానికి రెండు చుక్కలని రాశాడు. ఇంకా చోటు మిగిలింది. కాసేపు ఆలోచించి, "చెప్పు అడుగు అరిగితే చెప్పు, కొలత మారుతది. నీ పేరు పొద్దుగాల అగరుబత్తి ముట్టించేటప్పుడు తలుస్తున్న," అని చేర్చాడు. కార్డు ఆమె చేతిమీదుగానే ఆమెకు చేరుతుందన్న సంగతి, డబ్బాలో వేశాక గుర్తొచ్చి, దారిపొడుగునా తనలో తాను నవ్వుకుంటూ షెడ్డుకు తిరిగివచ్చాడు.