షరీఫా ఇంట్లో లక్ష్మీపూజ

మనోరమ టీచరుది ముక్కుసూటి వ్యవహారం. కోహీర్‌లో పుట్టి, జహీరాబాద్ ఆడపిల్లల బడిలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పింది. 1979లో లైబ్రరీలో జపాను జెన్ బౌద్ధ గురువుల గురించిన చిన్న పుస్తకం ఆమె చేతికొచ్చింది. అందులో సగం బుర్రకెక్కలేదు గానీ, ఒక్క మాటను మాత్రం ఉడుంపట్టు పట్టింది: కళ్లముందున్నది చూడు, అరువు మాటలు వదిలెయ్. ఇంట్లో కందులు చెరిగేటప్పుడు రేడియో కట్టేసి, "చెరిగేటప్పుడు చెరుగుడే" అనేది. టీచరమ్మకు జపాను గాలి సోకిందని ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. నవ్వితే నవ్విరి, ఆమెకేం పట్టింది!

ఆ ఏడు పదో తరగతికి 'మా ఇంటి పండుగ' అని వ్యాసం ఇచ్చింది. పిల్లలంతా గైడులోని దీపావళినే దింపేశారు. జబ్బార్ కూతురు షరీఫా కూడా "మా ఇంట్లో భక్తిశ్రద్ధలతో లక్ష్మీపూజ చేస్తాము" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. మనోరమకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. గైడులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇగ జరసేపు ఊకె కూసోండ్రి. మీ ఇంట్ల మీ కండ్లతోని ఏం జూసిన్రో అదే రాయుండ్రి."

వారం తిరక్కుండా జబ్బార్ బడికొచ్చాడు. ఆయనది సైకిళ్ల దుకాణం. పెళ్లాం పోయాక పిల్లను ఒక్కడే సాకుతున్నాడు.

"గైడు లేకుంటె నా బిడ్డ ఫేలయితది టీచరమ్మా. గిసొంటి సదువెందుకు? బంద్ వెట్టి నిఖా చేసేస్త. పిల్లగాన్ని గూడ సూసిన."

తలుపు పక్కన షరీఫా బిక్కచచ్చి నిలబడింది. బంగారంలాంటి పిల్ల చదువు తన మూలంగా ఆగిపోతుందేమోనని మనోరమ భయపడింది. మాటలో మాత్రం తొణకలేదు.

"కూసోండ్రి జబ్బార్ భాయ్. నిన్న మీ బిడ్డ రాసింది ఇని పోండ్రి. సదువు షరీఫా."

షరీఫా నోటుబుక్కు తెరిచి చదివింది.

"రంజాన్‌కు మా అమ్మీ సేమియాలు చేసి మంచం మీద ఆరబోసేది. పిచ్చుకలు వస్తే కొంగుతో అదిలించేది. ఈసారి మంచం మీద ఏమీ లేదు. అయినా పిచ్చుకలు వచ్చాయి. కాసేపు చూసి పోయాయి."

జబ్బార్ అప్పుడు బెంచీ మీద కూర్చున్నాడు. భార్య పోయిన నాటినుంచి తండ్రీకూతుళ్లు ఆమె ముచ్చట ఒక్కసారీ ఎత్తలేదు.

"గిది ఏ గైడుల ఉన్నది టీచరమ్మా?"

"ఏ గైడుల లేదు. మీ ఇంట్లనే ఉన్నది."

ఆయన గ్రీజు చేతులతోనే కళ్లు తుడుచుకుని, కూతురికి పక్కన చోటు చూపించాడు.

"మల్లొకసారి సదువు బేటీ. జర మెల్లగ."