నా రెండు ఇన్నింగ్స్

మా చిన్నప్పుడు... దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా బిల్డింగ్ వెనక ఇసుక పార్కింగ్‌లో శుక్రవారం పొద్దున్నే క్రికెట్ ఉండేది. నాన్న, ఆయన స్నేహితులు, వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడపిల్లని. "పరిగెత్తేటప్పుడు బ్యాట్ వదలకూడదు చిన్నీ... చివర్లో గీత మీద ఆనించాలి, అంతే!" అని నాన్న నేర్పించారు. ఆ పాఠమే తర్వాత నా కొంప ముంచింది.

పంతొమ్మిదేళ్ళకే చిన్నప్పుడేంటి అని నవ్వకండి. దుబాయ్‌లో నాలుగేళ్ళంటే వీధి మొత్తం మారిపోతుంది మరి.

కరోనా తర్వాత స్కూళ్ళు మళ్ళీ పూర్తిగా తెరిచిన ఏడాది నేను తొమ్మిదో తరగతి. మా స్కూల్లో కొత్తగా అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టు పెట్టారు. బేస్‌బాల్‌కి చెల్లెలనుకోండి... బంతిని కొట్టి, బ్యాట్ అక్కడే పడేసి, బేస్ అనే తెల్ల దిండు దాకా పరిగెత్తి దాన్ని కాలితో తొక్కాలి. మ్యాచ్‌కి ఏడు ఇన్నింగ్స్.

కోచ్ సార్‌ది కేరళ, మాతో హిందీలో మాట్లాడేవారు. మొదటి రోజే మాట ఇచ్చారు... ప్రాక్టీస్‌కి రోజూ వచ్చిన ప్రతి అమ్మాయినీ మ్యాచ్‌లో కనీసం రెండు ఇన్నింగ్స్ ఆడిస్తానని. నేను ఒక్క రోజు మానితే ఒట్టు.

మొదటి మ్యాచ్‌లో బంతి బాగానే తగిలింది. బ్యాట్ పట్టుకునే పరుగందుకున్నాను. బేస్ ఇంకా రెండడుగులు ఉండగానే వంగి, బ్యాట్ చాచి దిండు మీద ఆనించి, దర్జాగా నిలబడ్డాను... ఈలోగా అవతలి జట్టు అమ్మాయి బంతి అందుకుని బేస్ తొక్కేసింది. నేను అవుట్! మైదానమంతా ఒకటే నవ్వులు. "బ్యాట్ లేకే క్యోం భాగీ? యే క్రికెట్ నహీ హై!" అని, బ్యాట్‌తో ఎందుకు పరిగెత్తావంటూ సార్ తల పట్టుకున్నారు. ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం.

తర్వాత మూడు మ్యాచ్‌లు నేను బెంచీ మీదే. చప్పట్లు కొట్టడం, నీళ్ళ సీసాలు అందించడం... వారానికి రెండుసార్లు ప్రాక్టీస్ ఎగ్గొట్టేవాళ్ళు కూడా ఆడుతుంటే నాకు కడుపు మండిపోయేది. ఒక రోజు ఇంటికొచ్చి భోరుమన్నాను.

నాన్న బర్ దుబాయ్‌లో బట్టల షాపులో పనిచేసేవారు. ఆయనకి పెద్ద కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ముదీరే, అంటే అరబ్బీలో మేనేజరే. "రేపే వచ్చి మీ స్కూల్ ముదీర్‌తో తేల్చుకుంటా" అని లేచారు.

అమ్మ ఆసుపత్రిలో నర్సు, నరసాపురం మనిషి. "ఖలాస్ అండీ, మీరూరుకోండి. ఆడేది అదే, అడగాల్సిందీ అదే" అని నా వైపు తిరిగింది. "నేను ప్రార్థనలో పెడతానే చిన్నీ... సార్‌ని అడగడం మాత్రం నీ పనే."

రెండు రోజులు నోరు పెగల్లేదు. మూడో రోజు అందరూ వెళ్ళాక, ఒక్క రోజూ మానలేదు కదా, ఇస్తానన్న ఆ రెండు ఇన్నింగ్స్ ఏవని అడిగేశాను. "సర్, మైనే ఏక్ భీ ప్రాక్టీస్ మిస్ నహీ కియా. ఆప్‌నే దో ఇన్నింగ్స్ బోలా థా."

సార్ "హాఁ... బోలా థా" అని ఒప్పుకున్నారు. సామాన్ల గదిలోంచి ఒక పాత అల్యూమినియం బ్యాట్ తెచ్చి నా చేతిలో పెట్టారు. లోపల ఏదో ఊడిపోయి, కదిలిస్తే గలగలమనేది. "ఘర్ లే జా. ఇస్‌కో ఛోడ్‌నా సీఖ్. అగ్లే శనివార్ దో ఇన్నింగ్స్, పక్కా." ఇంటికి తీసుకెళ్ళి దాన్ని వదలడం నేర్చుకుంటే, వచ్చే శనివారం ఆడిస్తారన్నమాట.

ఇక ఇంట్లో మొదలైంది తంతు... నాన్న ఉండ చుట్టిన సాక్సులు విసరడం, నేను కొట్టడం, బ్యాట్ వదిలి వీధి తలుపు దాకా పరుగు. నా చేతులు వింటేనా! మూడుసార్లలో రెండుసార్లు బ్యాట్ కూడా తలుపు దాకా వచ్చేసేది. కింద బొంత పరిచినా, వదిలినప్పుడల్లా అది దొర్లి టైల్స్ మీద ఠంగ్‌మని, గలగలమనేది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న అమ్మ లోపల్నుంచి "ఏంటే ఆ చప్పుడు?" అనేది. "బ్యాట్ వదిలానమ్మా!" అంటే "అలాగైతే సరే" అని మళ్ళీ అటు తిరిగి పడుకునేది.

శనివారం పొద్దున అమ్మ డ్యూటీ దిగి, యూనిఫాంలోనే బస్సెక్కి స్కూలుకొచ్చింది. మైదానం పక్క మెట్ల మీద కూర్చుంది. సార్ మాట తప్పలేదు... చివరి రెండు ఇన్నింగ్స్‌కి నన్ను దింపారు.

నా వంతు వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని, ఆ పాత బ్యాటే పట్టుకుని మెట్ల వైపు చూశాను. అమ్మ తల రైలింగ్‌కి ఆనించి నిద్రపోతోంది. మాస్కు గడ్డం కిందికి జారిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది... ఇంత చేసింది ఆవిడ చూడాలనే కదా! కేకేసి లేపుదామనుకున్నాను. ఆ అలసిన మొహం చూసి ఊరుకున్నాను.

బంతి వచ్చింది... కొట్టాను. బ్యాట్ వదిలేశాను! ఎండకి గట్టిపడిన నేల మీద అది ఠంగ్‌మని పడి దొర్లింది. ఈసారి దిండు మీద పడింది నా కాలే. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం, అది వేరే సంగతి.

తిరుగు బస్సులో "ఆడానమ్మా... నువ్వే నిద్రపోయావు" అన్నాను, మొహం కిటికీ వైపు పెట్టి.

"కళ్ళు మూతలు పడిపోయాయే..." అంది అమ్మ. "కానీ ఠంగ్‌మని, గలగలమని వినపడింది. నీ బ్యాట్ చప్పుడు నాకు తెలీదా? వదిలేసింది, పరిగెడుతోంది నా కూతురు అనుకున్నాను. అప్పుడు కదా గాఢంగా నిద్ర పట్టింది."

ఇల్లొచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

మేం క్రికెట్ ఆడిన పార్కింగ్‌లో ఇప్పుడు బిల్డింగ్ లేచింది. నేను విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. మొన్న నా స్టీలు గ్లాసు చేజారి ఠంగ్‌మని పడింది... గదిలో ముగ్గురున్నారు, అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లే. ఒక్కరూ తల తిప్పలేదు. "ఏంటే ఆ చప్పుడు?" అనే మనిషి దుబాయ్‌లో డ్యూటీలో ఉంది.

మీరు చేసే ఏ చప్పుడుని, ఇంట్లో ఎవరు నిద్రలో కూడా గుర్తుపట్టేవాళ్ళు...? కింద రాయండి, అన్నీ చదువుతాను.