పెరటాసి శనివారం సైకిలు

వెనక నుంచి బెల్లు కొట్టడానికి రాఘవమ్మకు మనసొప్పదు. అలిపిరికి పోయే రోడ్డు వెంట వేసిన సిమెంటు బాట నడిచేవాళ్లదీ, సైకిలు తొక్కేవాళ్లదీ కూడా. అయినా మొక్కుకుని, పసుపు బట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల మీద బెల్లు కొడితే కళ్లు పోతాయని ఆమె భయం. అందుకే "గోవిందా" అని పిలుస్తుంది. ఇద్దరు ముగ్గురుంటే పక్కనుంచి సందు దొరుకుతుంది.

ఐరాల దగ్గర నాలుగెకరాల చెరకు తోట ఉన్న మనిషి. బోరు ఎండింది, తోట ఎండింది, ఆపైన భర్త నడుము పడిపోయింది. తిరుపతికొచ్చి ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. ఆరున్నరకల్లా ఇడ్లీలకు పొయ్యి ముట్టించాలి. నాలుగింటికే లేచి భర్తకు ఒళ్లు తుడిచి, గంజి తాగించి బయల్దేరేసరికే సగం ప్రాణం పోతుంది. మిగతా సగం వాచిన మోకాళ్లతో సైకిలు తొక్కడానికి.

రోడ్డు మీదికి మాత్రం పోదు. పోయినేడు ఒక బస్సు రాసుకుంటూ పోయి ఆమెను కాలవలో పడేసింది. అప్పటినుంచి హారన్ వింటే సైకిలు దిగేస్తుంది.

ఆ వేళ మూడో పెరటాసి శనివారం, వెంకన్నకు మొక్కుకున్నవాళ్లంతా కొండకు నడిచే అరవ నెల. ఆ నెలలో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకుంటానని వార్డెను వకుళాదేవి చెప్పేసింది. కోపంగా కూడా కాదు, చట్నీలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

బాటంతా జనం. రాఘవమ్మ అలవాటుగా "గోవిందా" అంది. అంతే, ముందున్న ఇరవై మందీ ఉన్నచోటనే నిలబడి, చేతులెత్తి "గోవిందా గోవింద" అన్నారు. మొక్కు మీదున్నవాళ్లు ఆ పేరు వింటే బదులు పలకకుండా అడుగు వేయరు. ఆమెకు తోచక మళ్లీ పిలిచింది. వాళ్లు మళ్లీ ఆగారు. దారి ఇమ్మని అడుగుతున్నకొద్దీ దారి మూసుకుపోయింది. తన తెలివికి తనకే ఒళ్లు మండింది.

"అంత తొందరేంది తల్లీ, సామి యాడికీ పోడు," అన్నాడొక ముసలాయన.

"సామి పోడు నాయనా, నా పని పోతాది."

ఆయన జరిగాడు. ఆయన ముందున్నవాళ్లు జరగలేదు. రాఘవమ్మ సైకిలును రోడ్డు మీదికి దించింది. పెదవులు కొరుక్కుంటూ, వెనక్కి చూడకుండా తొక్కింది. బస్సులు చెవి పక్కనే కూస్తూ పోయాయి. రెండుసార్లు కళ్లు మూతపడ్డాయి, రెండుసార్లూ తెరిచింది.

హాస్టల్ చేరేసరికి ఆరు ఇరవై ఐదు. వేళ్లు హ్యాండిలును వదలకపోతే ఒక్కొక్కటే విడదీసుకుంది.

వకుళాదేవి గడియారం చూసి తలూపింది.

"సూడు, మనసు పెడితే వస్తావు గదా. సోమారం నుంచి ఆరింటికే రా."

రాఘవమ్మకు ఏడుపొచ్చింది. ఏడవడానికి ఓపిక లేక, సరేనమ్మా అని లోపలికెళ్లి పొయ్యి ముట్టించింది.